పాటను ముందు కొలవడం: విశాఖలో ఒక విద్యార్థి మ్యూజిక్ వీడియో కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో మాస్ కమ్యూనికేషన్ విద్యార్థులకు నేను వీడియో నిర్మాణం బోధిస్తాను. చివరి సెమిస్టర్‌లో విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, ఒక్కొక్క బృందం ఒక మ్యూజిక్ వీడియోను ఆలోచన దశ నుంచి తుది ఫైలు వరకు సొంతంగా రూపొందించాలి. వాటిలో ఒక బృందం చేసిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. విద్యార్థుల పేర్లు, సంవత్సరం, చిత్రీకరణ జరిగిన గ్రామం పేరు, పాటలోని మాటలు వదిలేశాను. కాలానికి, వెలుతురుకు, ధ్వనికి సంబంధించిన కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్లుగా ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసింది చాలావరకు ఆ కొలతల్లోనే ఉంది.

బృందంలో నలుగురు. ఒకరు దర్శకత్వం, ఒకరు కెమెరా, ఒకరు ఎడిటింగ్ చూసుకున్నారు. నాలుగో విద్యార్థిని పాట రాసి, పాడింది. డప్పు వాయించడానికి మరో విభాగం నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. వారి దగ్గర అరువు తెచ్చుకున్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, మంచి ఫోన్లు రెండు, ట్రైపాడ్, నడుస్తూ తీసినా కుదుపు రానివ్వని గింబల్, బ్లూటూత్ స్పీకర్ ఉన్నాయి. విద్యార్థుల పనికి ఇవి తక్కువేమీ కావు, ప్రతిభలోనూ లోటు లేదు. అయినా మొదటి చిత్రీకరణ నుంచి పనికొచ్చే దృశ్యాలు దాదాపు ఏమీ రాలేదు. లోపం పనులను తలపెట్టిన వరుసలో ఉంది, ఆ వరుస మారాక అదే బృందం అదే పరికరాలతో మంచి వీడియో తీసింది. అందుకే ఈ కేసు రాయదగినదని నాకు అనిపించింది.

పాట ఎంపిక

బృందం మొదట ఒక సినిమా పాటను తమ గొంతుతో పాడి దానికి దృశ్యాలు చేర్చాలనుకుంది. తరగతిలో అభ్యాసం కోసమైతే అది వేరే సంగతి. వారు యూట్యూబ్‌లో పెట్టాలని కోరుకున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణతో చేరిన 31సి సెక్షన్ కవర్ వెర్షన్లకు లైసెన్సు మార్గం చూపింది గాని, అది ధ్వనిముద్రణకే పరిమితం. పైగా మూల రికార్డింగ్ వెలువడిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి. పాటకు దృశ్యాన్ని జతచేయాలంటే హక్కుదారుల అనుమతి విడిగా తీసుకోవాలి. సెమిస్టర్ గడువులో అది తెమిలే పని కాదు.

తరువాత వారు జానపదం వైపు మళ్లారు. ఇక్కడ మరింత జాగ్రత్త అవసరమైంది. ఉత్తరాంధ్రలో జనం జానపదాలుగా పాడుకునే పాటల్లో చాలావాటికి రచయితలున్నారు. ఉత్తరాంధ్ర ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు గారి పాటలు ఎన్నో అలా ఊరూరా కలిసిపోయాయి. ఆయన 2020లో మరణించారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది కాబట్టి, ఆయన తన జీవితకాలంలో ప్రచురించిన సాహిత్యంపై 2080 చివరి వరకు హక్కు ఉంటుంది. తప్పెటగుళ్లు, జముకుల కథ వంటి ఇక్కడి జానపద కళారూపాల్లో వినిపించే పాట నిజంగా కర్త తెలియని సంప్రదాయ గీతమేనా అని తేల్చుకోవడం ఒక పరిశోధన. అది ఈ ప్రాజెక్టు పరిధి దాటుతుంది. అందువల్ల సొంత పాట రాసుకోమని సూచించాను. వేటకు వెళ్లిన పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే ఒక అమ్మాయి మాటలుగా గాయని పాట రాసింది. కీబోర్డు, డప్పు, ఒక్క గొంతు. నిడివి 3 నిమిషాల 40 సెకన్లు, లయ నిమిషానికి 96 దెబ్బలు.

ముందుకొచ్చిన సమస్య

పాట చేతికి వచ్చిన వారంలోనే బృందం ప్రణాళిక తెచ్చింది. అది లొకేషన్ల జాబితా: ఆర్కే బీచ్, తెన్నేటి పార్కు, కైలాసగిరి, ఎర్రమట్టి దిబ్బలు, ఫిషింగ్ హార్బర్, యారాడ. ఒక్కో చోట ఏం జరుగుతుందో ఒక్కో వాక్యం రాశారు. అన్నీ కలిపితే అమ్మాయి, తండ్రి, పట్నం వెళ్లిపోయిన స్నేహితుడు, తుఫాను, తిరిగిరావడం అనే పూర్తి కథ అవుతుంది. యారాడ కొండ మీద డ్రోన్ షాట్ కూడా ఉంది. చిత్రీకరణకు కేటాయించిన కాలం రెండు రోజులు.

ఇందులో రెండింటిని వెంటనే తీసివేయించాను. ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం. తేలికగా రాలిపోయే ఆ మట్టి గోడల మీదికి ఒక బృందాన్ని ఎక్కించడం నాకు సమ్మతం కాదు. డ్రోన్ సంగతి అంతకంటే స్పష్టం. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 డ్రోన్ నిబంధనలు చెబుతున్నా, నిషిద్ధ గగనతలం దానికీ నిషిద్ధమే. తూర్పు నౌకాదళ కేంద్రం, నౌకాదళ వైమానిక స్థావరం, ఓడరేవు ఉన్న ఈ నగరంలో డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా దేన్నీ ఎగరేయకూడదు. పై నుంచి తీరం వంపు కనిపించడమే కావలసిందైతే, కైలాసగిరి మీద నుంచి తీసిన స్థిరమైన షాట్ ఆ పని చేస్తుంది.

మిగతా ప్రణాళికను కాగితం మీదే కొట్టివేయలేదు. విద్యార్థులు ఒక ప్రణాళికను నమ్మినప్పుడు, అది ఎక్కడ నిలవదో తక్కువ ఖర్చుతో కళ్లారా చూడడం నా వివరణ కంటే బాగా బోధిస్తుంది. అందుకని ఒక్క ఉదయం, ఒక్క ఆర్కే బీచ్, పల్లవి, మొదటి చరణం మాత్రమే తీసి తీసుకురమ్మన్నాను. ఏ ఫుటేజీనీ తొలగించవద్దనేది నేను పెట్టిన ఏకైక షరతు.

మొదటి చిత్రీకరణ

అది మార్చి నెల. విశాఖలో ఆ రోజుల్లో ఉదయం ఆరు గంటల ప్రాంతంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి పైకి వస్తాడు. బృందం సముద్రాన్ని నేపథ్యంగా పెట్టి గాయనిని నిలబెట్టింది. వెలుతురంతా ఆమె వెనక నుంచి రావడంతో ముఖం నల్లగా పడింది. ముఖం కోసం ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుతురు, పెంచితే ఆకాశం తెల్లబడిపోయింది. వెలుతురును ముఖం మీదికి తిప్పడానికి తెచ్చిన థర్మాకోల్ షీటు సముద్రపు గాలికి చేతిలో నిలవలేదు. కెమెరాను నగరం వైపు తిప్పితే ముఖం వెలిగింది గాని, ఆమె కళ్లు చికిలించవలసి వచ్చింది, వెనక హోటళ్లు వచ్చాయి. ఉదయం బీచ్ రోడ్డు నడకకు వచ్చేవారిది. వాహనాలను రానివ్వరు కాబట్టి సామాను మోసుకుంటూ చేరేసరికే మెత్తని వెలుతురు కొంత కరిగిపోయింది. చుట్టూ చేరినవారి మధ్య గాయని బిగుసుకుపోయింది.

వెలుతురు, జనం పైకి కనిపించే ఇబ్బందులు. ఎడిటింగ్ బల్ల దగ్గర బయటపడిన ఇబ్బంది వేరు: పెదవులు పాటతో కలవలేదు. ఎక్కడా పూర్తిగా తప్పలేదు, ఎక్కడా పూర్తిగా కుదరలేదు. దీనికి కారణాలు వెదకడానికి మేము ఎక్కువ సమయం వెచ్చించాం, ఎందుకంటే విద్యార్థుల మ్యూజిక్ వీడియోలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి.

మొదటి కారణం ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే చిత్రాల సంఖ్య. కెమెరా సెకనుకు 25 ఫ్రేములతో, ఫోన్లు 30 ఫ్రేములతో తీశాయి. ఫోన్లలోని సాధారణ కెమెరా యాప్ వెలుతురును బట్టి ఆ వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తుంది కూడా. టేక్ మొదట్లో కలిపిన పెదవులు టేక్ చివరికి జారిపోయాయి. రెండో కారణం ధ్వని రెండు చోట్ల నుంచి రావడం. గాయని బ్లూటూత్ స్పీకర్ విని పాడింది. పది అడుగుల అవతల ఉన్న డప్పు కళాకారుడికి స్పీకర్ వినబడకపోవడంతో అతని దగ్గర ఫోన్‌లో అదే పాట నొక్కారు. బ్లూటూత్ శబ్దం సాధారణంగా సెకనులో పదో వంతు పైగా ఆలస్యంగా వస్తుంది. ఒకే స్పీకర్ ఉంటే ఆ ఆలస్యం అందరికీ సమానం కాబట్టి ఏ నష్టమూ లేదు. రెండు వనరులు కలిసినప్పుడు మాత్రం చేయి ఒక కాలంలో, పెదవి మరో కాలంలో కదులుతాయి. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ నిడివి 40 మిల్లీసెకన్లు; రెండు మూడు ఫ్రేములు తేడా వస్తే చూసేవారు కారణం చెప్పలేకపోయినా ఏదో కుదరలేదని పసిగడతారు. మూడో కారణం అలల హోరు. కెమెరా మైకులో అలలే నిండిపోవడంతో, ధ్వని తరంగాలను పోల్చి సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలిపే పద్ధతి పనిచేయలేదు. టేక్ మొదట్లో కంటికీ చెవికీ ఒకే గుర్తుగా క్లాప్ కొట్టే అలవాటు వారు చేసుకోలేదు.

నాలుగోది గాయని చేసిన పని. జనం వింటారని ఆమె శబ్దం లేకుండా పెదవులు మాత్రమే కదిపింది. గొంతు ఎత్తి పాడినప్పుడు మెడ నరాలు, దవడ, భుజాలు, ఊపిరి తీసుకునే క్షణం అన్నీ పాటలో ఉంటాయి. పెదవులు మాత్రమే కదిలితే కాలం కచ్చితంగా కుదిరినా అది పాడినట్టు ఉండదు. సింక్, అంటే పెదవులకూ పాటకూ పొత్తు, ఎంత సరిచేసినా ఈ లోటు ఎడిటింగ్‌లో పూడదు.

పాట పటం

ఈ కారణాలన్నీ తెలిశాక బృందం వెంటనే ఆర్కే బీచ్‌కే తిరిగి వెళ్లి, ఈసారి క్లాప్‌తో, గొడుగుతో తీయాలనుకుంది. నేను ఆపాను. సాంకేతిక లోపాలను సరిదిద్దినా, మిగిలిన ఐదు చోట్ల కథ పాటలో ఇముడుతుందా అన్న ప్రశ్నకు అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు. లొకేషన్లు పక్కన పెట్టి పాటను కొలవమన్నాను.

96 దెబ్బల లయలో నాలుగు దెబ్బల ఆవర్తనం ఒకటి సరిగ్గా 2.5 సెకన్లు. 3 నిమిషాల 40 సెకన్లంటే 88 ఆవర్తనాలు. చార్టు మీద 88 గడులు గీసి పాటను పంచారు, ఇదే పాట పటం: ఆరంభ సంగీతం 8, పల్లవి 16, మొదటి ఇంటర్‌లూడ్ (పాట మధ్య వచ్చే సంగీతం) 8, మొదటి చరణం 16, పల్లవి సగం 8, రెండో ఇంటర్‌లూడ్ 8, రెండో చరణం 16, ముగింపు పల్లవి 8. పాడే భాగానికి ఒక రంగు, సంగీతానికి మరో రంగు వేశారు. పాడే భాగం 64 గడులు, అంటే 2 నిమిషాల 40 సెకన్లు. గొంతు లేని భాగం 24 గడులు, అంటే ఒక్క నిమిషం.

తుఫాను, స్నేహితుడు, తిరిగిరావడం అన్నీ ఉన్న కథను వారు ఆ నిమిషంలో, అదీ మూడు ఇరవై సెకన్ల ముక్కలుగా చెప్పాలి. పాడే భాగం మీద కూడా కథ నడపవచ్చు. కాని గాయని ముఖాన్ని వదిలి కథలోకి వెళ్లిన ప్రతిసారీ ఆ మాటలు ఎవరివి అన్న పట్టు సడలుతుంది, ఈ పాటకు బలం ఆ మాటలు ఆమెవి కావడమే. ఆ చార్టు ముందు కూర్చుని దర్శకుడు తనంతట తానే స్నేహితుణ్ణి తీసేశాడు, ఆ తరువాత తుఫానును. మిగిలింది ఒక్క విషయం: వల బాగుచేస్తూ పడవ కోసం చూడడం. ఆరంభ సంగీతంలో పడవలు వెళ్లడం, మొదటి ఇంటర్‌లూడ్‌లో ఖాళీ ఒడ్డు, రెండో దానిలో పడవ రావడం. పాడే భాగమంతా వల దగ్గరే.

ప్రణాళిక మలుపు ఇక్కడే తిరిగిందని నా అంచనా. లొకేషన్ల జాబితా చూసి ఎవరైనా మరొకటి చేర్చమనే అంటారు, ఎందుకంటే జాబితాకు హద్దు లేదు. గడుల చార్టుకు హద్దు ఉంది. ఒకటి చేర్చాలంటే ఒకటి తీయాలి, ఆ బేరంలో బృందం తమకు నిజంగా ఏది కావాలో తేల్చుకుంటుంది.

చోటు, కాలం

ఇప్పుడు కావలసింది ఒక్క చోటు. నగరానికి ఉత్తరాన తీరంలోని ఒక మత్స్యకార గ్రామం వారితో తరగతిలోని ఒక విద్యార్థికి పరిచయం ఉంది. కెమెరా లేకుండా ముందు వెళ్లి, పెద్దలతో మాట్లాడి, ఒక రోజంతా వెలుతురు చూసి రమ్మని పంపాను. ఆ పర్యటన రెండు విషయాలు తెచ్చింది.

ఒకటి, తేదీ. బృందం చిత్రీకరణను ఏప్రిల్ మూడో వారానికి అనుకుంది. ఒక పెద్దాయన విని, "పదిహేనో తారీకు నుంచి బోట్లు ఎల్లవు బాబూ, ఏటి తీస్తారు మీరు?" అని అడిగారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు పడవల వేటను నిషేధిస్తారు. ఆ గ్రామంలోవి మోటారు అమర్చిన ఫైబర్ పడవలు. రెండో ఇంటర్‌లూడ్‌కు ప్రాణమైన దృశ్యం ఆ వారంలో అక్కడ అసలు ఉండదు. చిత్రీకరణను ఏప్రిల్ మొదటి వారానికి జరిపారు.

రెండోది, వెలుతురును బట్టి రోజును పంచుకోవడం. తెల్లవారుజామున సముద్రం వైపు తీస్తే మనుషులు నీడలుగా పడతారు. పడవలు వెళ్లే దృశ్యానికి ముఖాలు అక్కర్లేదు కాబట్టి అది ఆరంభ సంగీతానికి సరిపోతుంది. ఎండ ముదిరాక వలలు బాగుచేసే పాకలో, నేరుగా ఎండ పడని చోట, బయటి ఇసుక మీద పడిన వెలుతురు తిరిగి ముఖానికి మెత్తగా తగులుతుంది. మొదటి చిత్రీకరణలో థర్మాకోల్ చేయలేకపోయిన పనిని అక్కడ ఇసుకే చేసింది. పల్లవి, చరణాల దగ్గరి షాట్లన్నీ ఆ వేళకు కేటాయించారు. సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు పడమరకు మళ్లి సముద్రం వైపు చూసే కెమెరాకు వెనక పక్క నుంచి పడతాడు. అప్పుడు ముఖమూ సముద్రమూ రెండూ వెలుగుతాయి. ముగింపు పల్లవి అప్పుడు. మార్చిలో వారు ఉదయం వెదికినది ఈ తీరంలో సాయంత్రం దొరుకుతుంది.

ధ్వని పద్ధతి

ప్లేబ్యాక్ కోసం పాటకు ఒక ప్రత్యేక ప్రతి తయారు చేశారు. ప్రతి భాగానికి ముందు నాలుగు బీప్‌లు పెట్టి, ఏ భాగాన్నైనా రెండు ఆవర్తనాల ముందు నుంచి వినిపించేలా కత్తిరించారు. పాట మధ్యలో హఠాత్తుగా అందుకోమంటే ఏ గాయకులైనా తడబడతారు. అయిదు సెకన్ల ముందు నుంచి వింటే ఊపిరి సరిగ్గా పడుతుంది. ఒకే స్పీకర్‌ను వైరుతో కలిపి గాయనికి, డప్పుకు మధ్య పెట్టారు. స్పీకర్ కెమెరా దగ్గర ఉండకూడదన్న నియమం కూడా పెట్టుకున్నారు, ఎందుకంటే 20 మీటర్ల దూరం దాటడానికి శబ్దానికి దాదాపు 60 మిల్లీసెకన్లు పడుతుంది, అది ఒకటిన్నర ఫ్రేము. దూరపు షాట్లలో గాయని కెమెరాకు అవతలి వైపు చెవిలో వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని జుట్టుతో కప్పుకుంది.

పరికరాలన్నీ 25 ఫ్రేములకు, ఫోన్లు స్థిరమైన వేగంతో తీసే యాప్‌కు మార్చారు. పాక లోపల రాత్రి బల్బు వెలుతురులో తీసిన రెండు షాట్లకు షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు పెట్టారు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి 60వ వంతు పెడితే చారలు కదులుతాయి. ప్రతి టేక్‌కు ముందు పాట సమయం కనిపించే ఫోన్ తెరను ఒకసారి కెమెరాకు చూపి, బీప్‌లు మొదలయ్యాక క్లాప్ కొట్టారు. అలలు మైకును మింగినా కంటికి కనిపించే గుర్తు మిగిలింది.

అన్నిటికంటే ఫలించినది గాయని విషయంలో తీసుకున్న నిర్ణయం. ఆమె చేతికి వల, వల కుట్టే సూది ఇచ్చారు; ఆ ఊరి స్త్రీ ఒకరు ముడి వేయడం నేర్పారు. గొంతెత్తి పాడమన్నారు. చేతులకు పని ఉండడంతో ముఖం మీది బిగువు పోయింది, చుట్టూ కూర్చున్నవారు తమ పని తాము చేసుకుంటూ ఉండడంతో ఎవరో చూస్తున్నారన్న జంకూ పోయింది. చేతి పని వల్ల ఒక కొత్త చిక్కు వచ్చింది: దూరపు షాట్‌లో ముడి వేస్తున్న చేయి, అదే మాటకు దగ్గరి షాట్‌లో దారం లాగుతూ కనిపిస్తే అతుకు తెలుస్తుంది. ఏ పాదానికి ఏ కదలికో చార్టు గడుల్లోనే రాసుకున్నారు.

మొదట పాట మొత్తాన్ని ఆపకుండా దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి తీసి, ఆ తరువాతే ముక్కలుగా తీయమన్నాను. మధ్యాహ్నానికే గాలి, జనం, బ్యాటరీ ఏదైనా మొరాయించినా, ఆ రెండు పూర్తి టేకులు ఉంటే చూడదగిన వీడియో ఒకటి చేతిలో ఉన్నట్టే. ఆ భరోసా వల్ల మిగతా రోజు బృందం తొందరపడలేదు.

ఎడిటింగ్

మొదటి కూర్పులో ఎడిటర్ ప్రతి ఆవర్తనానికీ షాట్ మార్చాడు. పటం ప్రకారం అది కచ్చితంగానే ఉంది, కాని కాసేపటికి కన్ను తదుపరి మార్పును ముందే ఊహించి పాట వినడం మానేస్తుంది. గడులు ప్రణాళికకు; కోతలు సాహిత్యానికి కట్టుబడాలని చర్చించుకున్నాం. పాదంలో అర్థం పూర్తయ్యే చోట కోయడం, ఎదురుచూపు మాటలున్న చోట మూడు ఆవర్తనాల పాటు, అంటే ఏడున్నర సెకన్లు, ఒకే షాట్‌ను నిలపడం ప్రయత్నించారు. కోతలు దాదాపు సగానికి తగ్గాయి. రెండో చరణంలో ఒక దగ్గరి షాట్ సింక్ ఇప్పటికీ ఒక ఫ్రేము తేడాతో ఉంది. అదే పాదానికి సరిగ్గా కలిసిన మరో టేక్ ఉన్నా, ముఖంలో ఉన్న భావం కోసం దీన్నే ఉంచారు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థించాను.

తరువాతి బృందాలకు తీసుకువెళ్లినవి

పాట పటం పూర్తి కాకుండా లొకేషన్ చర్చ మొదలుపెట్టకూడదన్నది ఇప్పుడు మా తరగతి నియమం. పాట లయ 96 కాకపోతే ఆవర్తనం ఇంత గుండ్రటి అంకెకు రాదు, అప్పుడు సెకన్లలోనే గీయవచ్చు. పాడే భాగం ఎంత, పాడని భాగం ఎంత అన్న విభజన తెలియడమే ముఖ్యం. పరీక్షా చిత్రీకరణను కూడా కొనసాగిస్తున్నాను, కాని అందులో ఒక పాదాన్ని మూడు దూరాల నుంచి తీసి, ఆ రోజే ఎడిటింగ్ బల్ల మీద కలిపి చూడడం తప్పనిసరి చేశాను. సింక్ తప్పితే లొకేషన్‌కు వెళ్లక ముందే తెలుస్తుంది.

వీడియోలో కనిపించే గ్రామస్థుల నుంచి తీసుకునే అనుమతి పత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కళాశాల నమూనా ఇంగ్లిషులో ఉంది. బృందం దాన్ని తెలుగులో రాసి, సంతకం అడగడానికి ముందు అందరికీ చదివి వినిపించింది. యూట్యూబ్‌లో ఎవరైనా చూడవచ్చని, తుది కూర్పు చూశాక తమ షాట్ తీసేయమనే హక్కు ఉందని అందులో చేర్చారు. కూర్పు పూర్తయ్యాక గ్రామానికి వెళ్లి ల్యాప్‌టాప్‌లో చూపించారు. రెండో ఇంటర్‌లూడ్‌లో కనిపించిన ఒకామె తన షాట్ తీసేయమన్నారు, కారణం చెప్పలేదు, బృందం అడగలేదు. తీసేస్తే అయిదు సెకన్ల ఖాళీ ఏర్పడింది. ప్రతి సంగీత భాగానికి రెండు ఆవర్తనాల అదనపు దృశ్యం తీసిపెట్టుకోవాలని చార్టులో ముందే రాసుకున్నారు కాబట్టి, పడవను ఒడ్డుకు లాగుతున్న చేతుల షాట్ ఆ చోట సరిపోయింది, గడువు తేదీకి ఫైలు చేరింది.